రెండంగుళాల సోడియం అయొడైడ్ డిటెక్టర్: ‘డార్క్ మ్యాటర్ ప్రాజెక్టు’ కోసం కొనొచ్చా?

వస్తువు ఇది: థాలియం కలిపిన సోడియం అయొడైడ్ స్ఫటికం, రెండంగుళాల వ్యాసం, రెండంగుళాల పొడవు. దాని వెనకాలే అతికి ఉండే, స్ఫటికంలో పుట్టే చిన్న మెరుపుల్ని కరెంటు పల్సులుగా మార్చే ఫోటోమల్టిప్లయర్ ట్యూబు, అంటే పీఎంటీ. 14 పిన్నుల బేసు. పైన అల్యూమినియం డబ్బా. ఆసుపత్రులో ల్యాబులో పాత పరికరాలు తీసేసినప్పుడు సెకండ్ హ్యాండ్‌లో దొరికే రకం. బెంగళూరులో ఎమ్మెస్సీ ఫిజిక్సు, ఇంజినీరింగు చదివే మన పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టుకి డార్క్ మ్యాటర్ (వెలుగివ్వకుండా, గురుత్వాకర్షణతోనే జాడ తెలిసే పదార్థం) అని పేరు పెట్టుకున్నాక చేతికి అందుబాటులో ఉండే డిటెక్టర్ ఏదంటే, దాదాపుగా ఇదొక్కటే.

మార్కులు ముందే చెప్పేస్తే మేలు. గామా కిరణాల స్పెక్ట్రమ్ (ఏ శక్తి దగ్గర ఎన్ని పడ్డాయో చూపే గీత) చూడటానికి అయిదుకి నాలుగు. డార్క్ మ్యాటర్ కణాన్ని పట్టడానికి సున్నా, ఇందులో మొహమాటం లేదు. ఆ కణాన్ని వెతికేవాళ్ళు ఏళ్ళ తరబడి దేనితో కుస్తీ పడుతున్నారో తెలుసుకోవడానికి మాత్రం నాలుగున్నర.

ఈ స్ఫటికానికే అంత పేరు ఎందుకొచ్చిందంటే, ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద, 1400 మీటర్ల రాతి మరుగున, డార్క్ మ్యాటర్‌ని వెతికిన డామా బృందం వాడింది ఇదే పదార్థం. ఒక్కొక్కటి 9.7 కిలోల స్ఫటికాలు 25, మొత్తం 250 కిలోల దాకా. సూర్యుడు పాలపుంతలో సెకనుకు 230 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, భూమి దాని చుట్టూ 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఏడాదిలో కొన్నాళ్ళు ఈ రెండు వేగాలూ కలిసొస్తాయి, కొన్నాళ్ళు ఎదురుపడతాయి. కాబట్టి డార్క్ మ్యాటర్ తాకిళ్ళు జూన్ 2 దరిదాపుల్లో ఎక్కువగా, డిసెంబరులో తక్కువగా ఉండాలి. 2 నుంచి 6 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల శక్తికి కొలత) మధ్య సరిగ్గా అలాంటి ఊపే కనిపిస్తోందని డామా ఏళ్ళ తరబడి చెబుతోంది. అదే పదార్థంతో స్పెయిన్‌లో అనాయిస్, కొరియాలో కొసైన్ ప్రయోగాలు పెట్టి చూస్తే ఆ ఊపు కనిపించలేదు. వివాదం సంగతి అలా ఉంచి, దాని మీద అభిప్రాయం చెప్పాలనుకునేవాళ్ళు ఈ స్ఫటికాన్ని ఒక ఏడాది దగ్గర పెట్టుకుని చూడాలి. అప్పుడు తెలుస్తుంది ఆ పని ఎంత మొండిదో.

లెక్కలు చూద్దాం. రెండంగుళాల స్ఫటికం ఘనపరిమాణం సుమారు 103 ఘన సెంటీమీటర్లు, సాంద్రత 3.67, అంటే బరువు 380 గ్రాములకు కాస్త లోపు. పడిన శక్తిలో ప్రతి కేఈవీకి 38 దాకా కాంతి కణాలు పుడతాయి, రంగు నీలి ఊదా, 415 నానోమీటర్ల దగ్గర. అందులో కొన్ని దారిలో పోతాయి, మిగతావాటిలో పీఎంటీ నాలుగోవంతును ఎలక్ట్రాన్లుగా మారుస్తుంది. మంచి ముక్క అయితే చివరికి కేఈవీకి ఎనిమిది ఎలక్ట్రాన్లు మిగులుతాయి. 3 కేఈవీ అంటే పాతిక లోపు. చాలదా అనిపిస్తుంది కానీ, డార్క్ మ్యాటర్ కణం ఢీకొట్టేది కేంద్రకాన్ని. కేంద్రకం ఎగిరినప్పుడు పుట్టే వెలుగు, అంతే శక్తి ఉన్న ఎలక్ట్రాన్ ఇచ్చే వెలుగులో కొద్ది భాగమే. అయొడిన్‌కైతే పదో వంతు కూడా రాదు. 20 కేఈవీతో ఎగిరిన అయొడిన్ కేంద్రకం మన స్పెక్ట్రమ్‌లో 2 కేఈవీ లోపే కనిపిస్తుంది, అంటే పదీ పదిహేను ఎలక్ట్రాన్లు. గది వేడికే పీఎంటీలో ఒంటరి ఎలక్ట్రాన్లు సెకనుకు వందల్లో ఊడిపడుతుంటాయి. దానికి తోడు ఒక మ్యూవాన్ (కాస్మిక్ కిరణాల వల్ల పైనుంచి పడే కణం) దూసుకుపోయాక స్ఫటికం కాసేపు మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. ఇన్నింటి మధ్య ఒక్క పీఎంటీతో ఆ చిన్న వెలుగును విడదీయడం అయ్యే పని కాదు. డామా అయినా అనాయిస్ అయినా స్ఫటికానికి రెండు వైపులా రెండు ట్యూబులు పెట్టి, రెండూ ఒకేసారి పలికితేనే లెక్కలోకి తీసుకుంటాయి. మన డబ్బాకి ఉన్నది ఒక్కటే. ఆ అర మార్కు కోసింది ఇక్కడే.

డబ్బా సంగతీ అంతే. అర మిల్లీమీటరు అల్యూమినియాన్ని 20 కేఈవీ ఎక్స్-రేలలో నూటికి 60 పైగా దాటతాయి, 10 కేఈవీవి నూటికి మూడే దాటతాయి. లోపలి తెల్లటి రిఫ్లెక్టర్ పొడి ఇంకొంత తినేస్తుంది. కాబట్టి 2–6 కేఈవీ ప్రాంతాన్ని బయట పెట్టిన రేడియోధార్మిక సోర్సుతో కాలిబ్రేట్ చేసే దారే ఉండదు. ప్రాజెక్టు రిపోర్టులో ‘థ్రెషోల్డ్ (పట్టగలిగే కనీస శక్తి) 2 కేఈవీ’ అని రాస్తే పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. 25–30 కేఈవీ అని రాయండి, గౌరవంగా ఉంటుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి చాలానే ఉన్నాయి, వాటిలో తేమది పెద్దపీట. సోడియం అయొడైడ్ ఉప్పులాంటిదే, గాలిలో నీరు తగిలితే కరుగుతుంది. సీలు ఊడితే ముందు అంచులు తెల్లబడతాయి, తర్వాత పసుపు తిరుగుతాయి. పీఎంటీ విడిగా ఉన్న ముక్క అయితే గాజు కిటికీలోంచి చూడండి: మంచినీళ్ళ గ్లాసులోకి చూసినట్టుండాలి. పీఎంటీ అతికిన డబ్బా అయితే లోపలికి చూసే వీల్లేదు, స్పెక్ట్రమే సాక్ష్యం. బెంగళూరు గాలి దీనికి కాస్త కలిసొస్తుంది. సీలు సందు ఉన్న ముక్కని చెన్నైకి తీసుకెళ్తే సముద్రపు ఉక్కకి చాలా త్వరగా చెడుతుంది. రెండో శత్రువు వేడి మార్పు. గంటకి పది డిగ్రీలకు మించి మారితే స్ఫటికం పగలొచ్చు. ఎండలో నిలిపిన కారు డిక్కీలోంచి తీసి నేరుగా ఏసీ గదిలో పెట్టకండి. థర్మాకోల్ పెట్టెలోనే మూడు నాలుగు గంటలు వదిలేయండి. పగిలిన స్ఫటికం ఒకే శక్తికి రెండు పీకులు (స్పెక్ట్రమ్‌లో లేచే శిఖరాలు) చూపిస్తుంది, లేదా పీకు ఒకవైపు చతికిలబడుతుంది.

పరీక్షించే పద్ధతి. హై వోల్టేజి 400 దగ్గర మొదలుపెట్టి 50 వోల్టుల చొప్పున పెంచండి. ఎక్కువ ట్యూబులు 600 నుంచి 1000 మధ్య పనిచేస్తాయి. కౌంట్ రేటు నిలకడగా పెరగాలి. ఎక్కడో ఒకచోట ఒక్కసారిగా ఎగబాకితే లోపల స్పార్కు ఉన్నట్టు, వెంటనే దించేయండి. 400 వోల్టుల దగ్గర ఉన్నప్పుడే ఫోను టార్చి వెలిగించి డబ్బా అతుకుల వెంట నెమ్మదిగా జరపండి. కౌంట్లు పెరిగిన చోట వెలుతురు దూరుతోంది. మంచి నల్ల టేపు రెండు పొరలు చుడితే సరిపోతుంది. వోల్టేజి ఉండగా పీఎంటీకి గది వెలుతురు తగిలితే మాత్రం దాని పని అంతే. వోల్టేజి లేకుండా తగిలినా సరే, తర్వాత ఒక రోజంతా చీకట్లో ఉంచాకే కొలతలు తీయాలి. ఆఖరుగా, పీకు చూస్తూ డబ్బాని 90 డిగ్రీలు తిప్పండి. పీకు ఒకటి రెండు శాతానికి మించి జరిగితే లోపల అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకునే మ్యూమెటల్ కవచం లేదని అర్థం, భూమి అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్లని పక్కకి లాగుతోంది.

బేసు, కేబుళ్ళ కోసం బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డు తిరగక తప్పదు. అక్కడ దొరకనిదంటూ ఉండదు కానీ, అడిగింది ఒకటి ఇచ్చేది ఒకటి. సిగ్నల్ కేబుల్‌కి బీఎన్‌సీ కనెక్టర్ చాలు. హై వోల్టేజికి ఎస్‌హెచ్‌వీ కావాలి. బీఎన్‌సీ సాధారణంగా 500 వోల్టుల దాకే. పాత పరికరాల మీద ఎంహెచ్‌వీ అనే మూడో రకం ఉంటుంది, చూడటానికి అచ్చం బీఎన్‌సీలాగే ఉండి బలవంతం చేస్తే దానిలోకి ఎక్కుతుంది కూడా. అలా ఎక్కించిన చోట షాకు ఖాయం. కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టి నడిమి పిన్ను చుట్టూ ఉన్న తెల్లటి ఇన్సులేషన్ చూడండి: బీఎన్‌సీలో అది లోపలికి ఉంటుంది, ఎంహెచ్‌వీలో బయటికి పొడుచుకొస్తుంది. 14 పిన్నుల సాకెట్టు దొరికితే రెసిస్టర్ల గొలుసు మీరే టంకం వేసుకోవచ్చు. వోల్టేజి ధనాత్మకంగా ఇచ్చి కాథోడ్‌ని గ్రౌండ్ చేయడం మేలు. ఋణాత్మకం అయితే స్ఫటికం వైపే హై వోల్టేజి ఉంటుంది, అల్యూమినియం డబ్బాతో దూరం సరిగా లేకపోతే నాయిసు పెరుగుతుంది.

పవర్ సప్లై దగ్గర పిసినారితనం పనికిరాదు. పది మెట్ల పీఎంటీలో గెయిన్ (ఒక ఎలక్ట్రాన్‌ని ఎన్ని రెట్లు చేస్తుందన్న లెక్క) వోల్టేజికి సుమారు ఏడో ఘాతంగా పెరుగుతుంది. వోల్టేజి ఒక శాతం కదిలితే పీకు ఏడు శాతం కదులుతుంది. మంచి స్ఫటికానికి 662 కేఈవీ (సీజియం-137 గామా) దగ్గర రిజల్యూషనే, అంటే పీకు వెడల్పే, ఏడు శాతం. అంటే సప్లైలో ఒక్క శాతం ఊగిసలాట పీకుని దాని వెడల్పంత పక్కకి నెట్టేస్తుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అరగంట వేడెక్కనిచ్చి మళ్ళీ కాలిబ్రేట్ చేయాలి.

స్పెక్ట్రమ్ తీయడానికి సరైన ఎంసీఏ (పల్సుల్ని ఎత్తుల వారీగా లెక్కపెట్టే మల్టీ ఛానల్ అనలైజర్) కొనలేనివాళ్ళు కంప్యూటర్ సౌండ్ కార్డు వాడతారు. చవకే, పనిచేస్తుంది కూడా. కానీ స్ఫటికం మెరుపు ఆరే కాలం పావు మైక్రోసెకను. 96 కిలోహెర్ట్జ్ సౌండ్ కార్డు పది మైక్రోసెకన్లకోసారి చూస్తుంది. అందుకని పల్సుని వంద మైక్రోసెకన్లకు సాగదీయాలి. సెకనుకు వెయ్యి కౌంట్లు వస్తే పదో వంతు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. సీసం లేకుండా మామూలు గదిలో ఈ సైజు డిటెక్టర్‌కి రేటు వందల్లో ఉంటుంది కాబట్టి నెట్టుకురావచ్చు, గట్టి సోర్సు దగ్గర పెడితే మాత్రం స్పెక్ట్రమ్ పేలిపోతుంది.

సోర్సు ఎక్కడ తెస్తారు? సీజియం కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఊరికెళ్ళినప్పుడు ఎరువుల కొట్లో కిలో మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ తెచ్చుకోండి. ప్రకృతిలోని పొటాషియంలో పదివేలకి ఒకటికి కాస్త పైగా పొటాషియం-40 ఉంటుంది, గ్రాముకి 31 బెకరెల్ (సెకనుకి 31 పరమాణువులు విచ్ఛిన్నం కావడం). కిలో ఎరువులో సగం పొటాషియమే, అంటే 15,000 బెకరెల్ పైమాటే. అందులో పదో వంతు 1461 కేఈవీ గామా ఇస్తుంది, సెకనుకు 1,600 దాకా. ప్లాస్టిక్ కవర్లో పోసి డిటెక్టర్ చుట్టూ దండలా కడితే పది నిమిషాల్లో పీకు నిటారుగా లేస్తుంది. రెండోది పాత పెట్రోమాక్సు దీపం మాంటిల్. పాతకాలపువాటిలో థోరియం ఉంటుంది: 239, 583, 911, 2614 కేఈవీ పీకులు ఒక్క వస్తువులోంచే. మాంటిల్ వయసుని బట్టి వీటి బలం మారుతుంది కాబట్టి ఎత్తుల్ని నమ్మకండి, చోట్లని నమ్మండి. జిప్ కవర్లోంచి తీయొద్దు, వెలిగించొద్దు. ఆ బూడిద ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఈ పొటాషియమే డార్క్ మ్యాటర్ వాళ్ళ నిద్ర పాడుచేసిన శత్రువు. పొటాషియం-40 స్ఫటికం లోపలే ఉంటే 1461 గామా బయటికి పారిపోయి, వెనక 3.2 కేఈవీ చిన్న మెరుపు మిగులుతుంది. డామా చూసిన 2–6 కేఈవీ శక్తి కిటికీ (కౌంట్లు లెక్కించే హద్దు) లోపలే. అందుకే ఆ స్ఫటికాల్లో పొటాషియాన్ని వందకోట్లలో పదుల భాగాల స్థాయికి దించారు. కొసైన్ వాళ్ళయితే స్ఫటికాల చుట్టూ రెండువేల లీటర్లకు పైగా ద్రవ సింటిలేటర్ (కణం తగిలితే మెరిసే ద్రవం) నింపి, పారిపోయే 1461ని అక్కడ పట్టి, లోపలి 3.2ని కొట్టేశారు. మన డబ్బా వెనకున్న పీఎంటీ గాజులోనే పొటాషియం ఉంటుంది. చేతి చెమటలోనూ ఉంటుంది.

ఇప్పుడు సీసం. అయిదు, పది, ఇరవై సెంటీమీటర్ల ఇటుక ఒకటి 11.3 కిలోలు. నాలుగు ఇటుకల్ని నిలువుగా, ఒకదాని కొన ఇంకోదాని పక్కకి ఆనేలా గాలిమర ఆకుల్లా పేర్చితే నడుమ 15 సెంటీమీటర్ల చదరపు ఖాళీ వస్తుంది. అలాంటి వరసలు మూడు, అడుగున నాలుగు, పైన మూతగా రెండు. మొత్తం పద్దెనిమిది ఇటుకలు, 200 కిలోలు దాటుతుంది. కిలో రెండొందలు వేసుకున్నా నలభై వేలు, డిటెక్టర్ కంటే కవచమే బరువు, అన్ని అర్థాల్లోనూ. అద్దె ఇంట్లో టేబుల్ మీద పెట్టొద్దు, కింది అంతస్తులో నేల మీద పెట్టండి. కేబుల్ బయటికి తేవడానికి ఒక ఇటుకని వేలెడు జరిపి, దారి వంపు తిరిగేలా చూడండి. నేరుగా సందు ఉంటే గామాలు కూడా నేరుగానే వస్తాయి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, గ్లవుజులు తప్పనిసరి.

అయిదు సెంటీమీటర్ల సీసం 662 కేఈవీ గామాల్లో వెయ్యికి రెండింటినే వదులుతుంది. 1461 దగ్గర నూటికి అయిదు, 2614 దగ్గర తొమ్మిది దాటతాయి. బెంగళూరు రాతి మీద కూర్చున్న ఊరు. లాల్‌బాగ్ కొండ రాయి వయసే మూడువందల కోట్ల ఏళ్ళు. గ్రానైట్‌లో యురేనియం, థోరియం, పొటాషియం మూడూ ఉంటాయి, కాబట్టి వంటింటి గ్రానైట్ బండ పక్కన పెట్టి బ్యాక్‌గ్రౌండ్ ఎక్కువైందని బాధపడొద్దు. సీసం లోపల మూడు మిల్లీమీటర్ల రాగి రేకు తొడగండి, సీసం తానే ఇచ్చే 72–88 కేఈవీ ఎక్స్-రేలు చాలావరకు ఆగుతాయి. సీసంలో సీసం-210 కూడా ఉంటుంది, సగం తరగడానికి 22 ఏళ్ళు. అందుకే ప్రయోగశాలలు మునిగిన ఓడల్లోని శతాబ్దాల నాటి సీసం కోసం వెతుకుతాయి. బ్యాటరీ తుక్కు కరిగించి పోసిన ఇటుకలు మనకి సరిపోతాయి, కానీ పోత మీరే పోయకండి, ఆ పొగ విషం.

మ్యూవాన్లకి సీసం అడ్డు కాదు. చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఒకటి చొప్పున, ఈ స్ఫటికం పైముఖం మీద నిమిషానికి ఇరవై పడతాయి. నిలువునా దూసుకుపోతే ఒక్కొక్కటి 24 ఎంఈవీ (24,000 కేఈవీ) దాకా వదులుతుంది, స్పెక్ట్రమ్ అంచు దాటి ఎక్కడో. వీటిని తప్పించుకోవాలంటే భూమిలోకి దిగాల్సిందే. గ్రాన్ సాసోలో అవి పదిలక్షల వంతుకు తగ్గుతాయి. బెంగళూరుకి వంద కిలోమీటర్ల లోపున్న కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున 1965లో వాతావరణ న్యూట్రినోలు (కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే కణాలు) దొరికాయి. గనులు 2001లో మూతపడ్డాయి. ఇప్పుడు జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ఉన్న ల్యాబులో డార్క్ మ్యాటర్ కోసం అతితప్త ద్రవాల (మరిగే వేడి దాటినా మరగకుండా ఉన్న ద్రవాల) డిటెక్టర్లు నడుపుతున్నారు.

ఇన్ని చేశాక ఏడాది పాటు నడిపితే ఏం కనిపిస్తుంది? ఊపు కనిపిస్తుంది! మామూలు ఊపు కూడా కాదు, డామా చెప్పే దానికంటే చాలా పెద్దది. స్ఫటికం వెలుగు, పీఎంటీ గెయిన్ రెండూ వేడితో తగ్గుతాయి, కలిపి డిగ్రీకి అర శాతం దాకా. గది 22 నుంచి 30 డిగ్రీలకి తిరిగితే 1461 పీకు 1400 దగ్గరికి జారుతుంది. కట్టిన శక్తి కిటికీ అక్కడే ఉంటుంది, కౌంట్లు దాని లోపలికీ బయటికీ కదులుతాయి. గీత గీస్తే అందమైన సైన్ తరంగం, శిఖరమో లోయో ఏప్రిల్ దగ్గర. వానాకాలం మరో వేషం: జోరు వాన పడగానే గాలిలోని రేడాన్ (నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు) విచ్ఛిన్నమై పుట్టిన పిల్లలు, బిస్మత్-214, సీసం-214, నేలకి దిగి 609, 352 కేఈవీ పీకులు లేస్తాయి, రెండు మూడు గంటల్లో దిగిపోతాయి. బెంగళూరులో జూన్ అంటే వానలే కదా. కిటికీలు మూసిన రాత్రుల్లో రేడాన్ ఇంకోలా పేరుకుంటుంది. ఇవన్నీ తీసేశాక మిగిలినదే ఫలితం. డామా తన ఊపు ఒకటి రెండు శాతం మాత్రమే అంటోంది. అంత చిన్నదాన్ని నిలబెట్టడానికి వాళ్ళు వేడి, రేడాన్, వోల్టేజి అన్నీ పక్కన రాసుకుంటూ వచ్చారు.

కాబట్టి గంటకో స్పెక్ట్రమ్ ఫైలు విడివిడిగా సేవ్ చేయండి. ప్రతి ఫైలులో 1461 పీకు ఎక్కడుందో చూసి, స్కేలుని దానికి తగ్గట్టు జరపండి. కవచం లోపల గంటలో ఆ పీకు సరిగ్గా తేలకపోతే, పొటాష్ చిన్న పొట్లం లోపలే ఉంచండి, చోటు మార్చకుండా. పక్కన రెండొందల రూపాయల ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి. లోపలి ఖాళీని తక్కువ రేడియోధార్మికత ఉన్న ప్లాస్టిక్ ముక్కలతో నింపితే రేడాన్ ఉండే గాలికి చోటు తగ్గుతుంది.

డబ్బు ఇంకా మిగిలితే రెండో వరస సీసం కొనొద్దు. పీఎంటీ లేని రెండువైపులా కిటికీల స్ఫటికం దొరుకుతుందేమో అడగండి. అటొకటి ఇటొకటి పీఎంటీ సిలికాన్ గ్రీజుతో, గాలి బుడగ లేకుండా అతికి, రెండూ ఒకేసారి పలికినవే తీసుకుంటే ఒంటరి ఎలక్ట్రాన్ల నాయిసు చాలావరకు పోతుంది, థ్రెషోల్డ్ కిందికి దిగుతుంది.

బేరం దగ్గర ఒక్క షరతు. అమ్మేవాళ్ళు వోల్టేజి పెట్టి పీకు చూపించాలి. పొటాష్ పొట్లం మీరే పట్టుకెళ్ళండి. 1461 పీకు సగం ఎత్తు దగ్గర వెడల్పు 75 కేఈవీ లోపుంటే మంచి ముక్క, 90 దాకా పర్లేదు, 120 దాటితే లోపల పసుపు తిరిగినట్టే. ‘మిషను లేదు, తీసుకెళ్ళి చూసుకోండి, పని చేస్తుంది’ అంటే అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేయండి.